నాలుగు నెలలు ఊరుకున్న బుగ్గ ఇప్పుడెందుకు వాచింది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ ఆరు పేజీల ఉత్తరం రాశారు. వయసు 41. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్తకు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట అన్నం తగ్గించి, పొద్దున్నే నడక మొదలుపెట్టి 12 కిలోలు తగ్గారట. మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నా, ‘మొహం అలా పీక్కుపోయిందేమిటి వదినా, ఒంట్లో బాగుండటం లేదా’ అన్న ఆడపడుచు మాటే ఆమె మనసులో ఉండిపోయింది. మాఘమాసంలో తమ్ముడి పెళ్లి. ఫొటోల్లో ఆ మొహంతో నిలబడలేననుకుని, సంక్రాంతి సెలవుల్లో తోటి టీచరును వెంటబెట్టుకుని బెజవాడ వెళ్లారు. బందరు రోడ్డులో ఒక స్కిన్ క్లినిక్‌లో రెండు బుగ్గలకూ ఫిల్లర్ ఇంజెక్షన్లు, అంటే చర్మం కింద ఖాళీని నింపి బుగ్గను నిండుగా చేసే పదార్థం, వేయించుకున్నారు. ఖర్చు 42 వేలు, చీటీ పాడిన డబ్బు. ఇంట్లో మాత్రం ఫేషియల్ అని చెప్పారు.

పెళ్లి బాగా జరిగింది. ఫొటోలు బాగా వచ్చాయి. మే నెలాఖరులో కుడివైపు పై పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నారు. పది రోజులకు కుడి బుగ్గలో శనగగింజంత గట్టిగా ఏదో తగిలింది. వారం తిరిగేసరికి అది ఉసిరికాయంత అయింది. ఎర్రగా, వేడిగా ఉంది, ముట్టుకుంటే నొప్పి. ఎడమ బుగ్గ మాత్రం మామూలుగానే ఉంది. క్లినిక్‌కు ఫోన్ చేస్తే, ‘ఒంటికి వేడి చేసి ఉంటుంది, మసాజ్ చేసుకోండి. కావాలంటే రెండోవైపు ఇంకో సిరంజి వేసి సమానం చేస్తాం, సగం ధరకే’ అన్నారు. మెడికల్ షాపులో మూడు రోజులు యాంటీబయాటిక్, ఐదు రోజులు స్టెరాయిడ్ బిళ్లలు ఇచ్చారు. తగ్గింది. ఆపగానే మళ్లీ వచ్చింది. పిన్ని ఉప్పుమూటతో కాపడం పెట్టమంటోంది. స్కూల్లో పిల్లలేమో ‘టీచర్, కందిరీగ కుట్టిందా’ అని అడుగుతున్నారు. బిల్లు మీద ‘ఫేస్ ప్యాకేజీ’ అని తప్ప ఇంకేమీ లేదు. ‘రెండేళ్లు నిలుస్తుందన్నారు, పేరేదో చెప్పారు, గుర్తులేదు’ అని రాశారు.

ఆమె ప్రశ్నలు ఇవి. ఇది క్యాన్సరా? కరిగిస్తే మొహం ముందుకంటే అధ్వాన్నమవుతుందా? మా ఆయనకు చెప్పాలా? క్లినిక్ మీద కేసు వేయాలా? ఇదంతా నేను చేసుకున్న ఖర్మేనా?

అమ్మా, చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. అది మనసులో తొలుస్తుంటే మిగతావి చెవికెక్కవు. ఇది ఖర్మ కాదు. మొహం బాగుండాలనుకోవడం తప్పయితే, గుంటూరులో జుట్టుకు రంగు వేసుకునే మగవాళ్లంతా దోషులే. బరువు తగ్గితే బుగ్గల్లో కొవ్వు కూడా తగ్గుతుంది. మీ ఆడపడుచు మాట కటువే గానీ, చూసింది తప్పు కాదు. మీరు చేసిన పొరపాటు ఒక్కటే, లోపలికి వెళ్లేది ఏమిటో కాగితం మీద రాయించుకోలేదు. మిక్సీ కొంటే వారంటీ కార్డు బీరువాలో దాచుకుంటాం. 42 వేలు పోసి బుగ్గలోకి ఎక్కించుకున్నదానికి మీ దగ్గర పేరు కూడా లేదు. ఇకమీద మీ వైద్యమంతా ఆ పేరు చుట్టూనే తిరగబోతోంది.

ఇక క్యాన్సర్ భయం. సూది పడిన చోటే రావడం, పంటి వైద్యం తర్వాత రావడం, ఎర్రగా వేడిగా ఉండి మందుకు తగ్గి మళ్లీ లేవడం, ఇవన్నీ వాపు లక్షణాలు. క్యాన్సర్ సాధారణంగా ఇలా నడవదు. రేపు డాక్టరు ‘గ్రాన్యులోమా’ అనవచ్చు. చివర ‘ఓమా’ వినగానే చాలామందికి గుండె జారుతుంది. నా దగ్గర ఒకాయన ఆ మాట విని వీలునామా సంగతి కూడా అడిగారు. గ్రాన్యులోమా అంటే శరీరం తనకు మింగుడుపడని వస్తువు చుట్టూ తెల్లకణాలతో కట్టుకున్న దడి, అంతే. అయినా గడ్డను కంటితో చూడకుండా ఉత్తరం చదివి తేల్చేయడం వైద్యం కాదు. చూపించుకోవాల్సిందే.

అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉండిపోయినవాళ్లను పల్లెలో చూసే ఉంటారు. మొదటి రెండు రోజులు సలుపు. తర్వాత అక్కడ కాయ కట్టి, మనిషి మామూలుగానే నడుస్తాడు. ఎప్పుడో ఆరు నెలలకు అదే చోట చీము పడుతుంది. ముల్లు పాతదే, ఒంటికి దాని మీద మళ్లీ కోపమొచ్చింది. ఫిల్లర్ ముల్లు కాదు, ఎంతో మెత్తనిది. కానీ చర్మం దాంతో వ్యవహరించే పద్ధతి అదే.

సూది దిగగానే రక్తంలోని ప్రొటీన్లు ఆ పదార్థం మీద పూతలా అంటుకుంటాయి. ఆ పూత కబురందుకుని ముందు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు, ఒకటి రెండు రోజుల్లో మాక్రోఫేజ్‌లు వచ్చి చేరతాయి. మాక్రోఫేజ్‌ల పని మింగడం. ముక్క చిన్నదైతే మింగేస్తాయి. పెద్దదైతే నాలుగైదు కలిసిపోయి ఒకే పెద్ద కణమై ప్రయత్నిస్తాయి. అప్పటికీ కుదరకపోతే ఫైబ్రోబ్లాస్ట్‌లు అనే కణాలు రంగంలోకి దిగి, కొల్లాజెన్ పోగులతో దాని చుట్టూ సన్నటి గోడ కడతాయి. ఆ తర్వాత ఒక రకమైన రాజీ. మీ మొదటి నాలుగు నెలలు ఆ రాజీయే. ఇది ఎంత కాలం నిలుస్తుందనేది లోపల ఉన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఎక్కువగా వాడేది హైలురోనిక్ యాసిడ్ జెల్. ఇది మన ఒంట్లో ఉన్నదే. 70 కిలోల మనిషిలో సుమారు 15 గ్రాములుంటుంది, అందులో దాదాపు సగం చర్మంలోనే. రోజూ మూడో వంతు దాకా విరిగిపోయి కొత్తది తయారవుతూ ఉంటుంది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని మొదట ఆవు కంటి నుంచి వేరుచేశారు. ఆవులో ఉన్నా, బ్యాక్టీరియాతో తయారుచేసినా, మనిషిలో ఉన్నా దీని నిర్మాణం ఒకటే. అందుకే శరీరం దీంతో పెద్దగా తగవు పెట్టుకోదు. అయితే ఉన్నదున్నట్టు ఎక్కిస్తే కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది, 42 వేలు ఎవరిస్తారు? కాబట్టి బీడీడీఈ అనే రసాయనంతో దాని పోగుల మధ్య ముళ్లు వేస్తారు. ఆ ముళ్ల వల్లే నెలల తరబడి నిలుస్తుంది. ఆ ముళ్ల వల్లే అది పూర్తిగా మనది కాకుండా కూడా పోతుంది.

రెండో రకం వేరు. క్యాల్షియం హైడ్రాక్సీలపటైట్, పాలీ లాక్టిక్ యాసిడ్ అనేవి ఉన్నాయి. ఒకటి ఎముకలో ఉండే ఖనిజం గుళికలు, రెండోది కరిగే కుట్టుదారాల జాతిది. ఇవి ఖాళీని నింపడంతో ఆగవు. చర్మాన్ని కొంచెం గిల్లి, పైన చెప్పిన గోడ కట్టే పనిని కావాలనే మొదలుపెట్టించి, ఆ కొల్లాజెన్‌తో బుగ్గను నిండుగా చేస్తాయి. అంటే శరీరం ఎదురుతిరగడమే ఇక్కడ మందు. అది పరిమితిలో ఉంటే అందం, పరిమితి దాటితే గడ్డ. ‘రెండేళ్లు నిలుస్తుంది’ అని మీకు చెప్పారన్నారే, ఆ మాట చదవగానే నాకు ఈ రకం మీదికే అనుమానం పోయింది. కానీ హైలురోనిక్ జెల్‌కు కూడా అలా చెప్పి అమ్మేవాళ్లున్నారు కాబట్టి దాన్ని నమ్ముకోలేం.

మూడో రకం ఎప్పటికీ కరగనివి. పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ గుళికలు, ద్రవ సిలికాన్ లాంటివి. శాశ్వతంగా నిలిచేది కావాలన్న యావ కొత్తది కాదు. 1899లోనే వియన్నాలో గెర్సునీ అనే డాక్టరు వాసెలిన్ ఎక్కించి చూశాడు. ఆ పద్ధతి పట్టుకుని పారఫిన్ ఎక్కించుకున్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తర్వాత గడ్డలు కట్టాయి. వాటికి పారఫినోమా అని పేరు కూడా పెట్టాల్సి వచ్చింది. మీకు వేసింది ఇలాంటిది కాకూడదని కోరుకుంటున్నాను.

మరి ఇప్పుడే ఎందుకు లేచింది? మూడు దారులున్నాయి. మొదటిదాన్ని అందరూ మర్చిపోతారు. అసలు ఇది ఫిల్లర్ గడ్డే కాకపోవచ్చు, ఆ పై పన్ను వేరు దగ్గర మిగిలిన చీము బుగ్గలోకి దిగి ఉండవచ్చు. రూట్ కెనాల్ చేసిన డాక్టరు దగ్గరకు వెళ్లి ఒక ఎక్స్‌రే తీయించుకుంటే ఆ సంగతి చాలావరకు తేలిపోతుంది. వెళ్లినప్పుడు ఫిల్లర్ ఉందని ఆయనకు చెప్పండి. అసలు ఫిల్లర్‌కు రెండు వారాలు అటూ ఇటూ పంటి పని పెట్టుకోవద్దనే మా డాక్టర్లు చెబుతారు. మీది నాలుగు నెలల తర్వాత కాబట్టి అందులో మీ తప్పేమీ లేదు.

రెండోది, నోట్లోని ఇన్ఫెక్షన్‌తో ఒళ్లంతా అప్రమత్తమై, నిద్రపోతున్న మాక్రోఫేజ్‌లు కూడా లేచి కూర్చోవడం. జలుబూ జ్వరం తర్వాత, టీకా తర్వాత కూడా ఇలా జరగవచ్చు. 2020 చివర్లో కోవిడ్ టీకా పరీక్షల్లో అంతకుముందు ఫిల్లర్ వేయించుకున్న ముగ్గురికి మొహం వాచిన సంగతి అప్పట్లో బయటికి వచ్చింది. ఈ వాపు చాలావరకు మాట వింటుంది.

మూడోది బ్యాక్టీరియా. సూది వేసినప్పుడే లోపలికి పోయి ఉండవచ్చు, పంటి దగ్గర నుంచి రక్తంలో వచ్చి ఆ జెల్ మీద కూర్చుని ఉండవచ్చు. అవి తమ చుట్టూ జిగట పొర కట్టుకుంటాయి. దాన్ని బయోఫిల్మ్ అంటారు. నీళ్ల ట్యాంకు గోడకు పట్టే పాచి గుర్తుచేసుకోండి. మీరు వేసుకున్న మూడు రోజుల యాంటీబయాటిక్ ఆ పాచిని పైపైన గీకి ఉండవచ్చు. స్టెరాయిడ్ ఎరుపునూ నొప్పినీ అణచింది. ఆపగానే రెండూ తిరిగొచ్చాయి. మెడికల్ షాపు కుర్రవాడి మీద నాకు కోపం లేదు, రోజుకు వందమంది వస్తారు. కానీ ఇన్ఫెక్షన్ ఉందో లేదో తెలియకుండా స్టెరాయిడ్ బిళ్ల వేసుకోవడం, పొయ్యి మీద పాలు పొంగుతుంటే మూత పెట్టడమే.

అందుకే ఉప్పుమూట వద్దు, మసాజ్ వద్దు. ఎర్రగా ఉన్న గడ్డను పిసికితే మంట పెరుగుతుంది, చీముంటే పక్కకు పాకుతుంది. ఇక సగం ధర సిరంజి. మిగతా విషయాల్లో నిర్ణయం మీకే వదిలేస్తాను గానీ దీంట్లో మాత్రం వదలను. ఒకవైపు శరీరం గొడవపడుతుంటే రెండోవైపు అదే సరుకు ఇంకొంచెం పోయడమేమిటి? వద్దు.

ముందు పేరు. క్లినిక్‌కు ఫోన్ చేయడం మానేసి, వాట్సాప్‌లోనో ఉత్తరంగానో రాయండి. ‘ఫలానా తేదీన నాకు వేసిన ఫిల్లర్ పేరు, లాట్ నంబరు (తయారీ బ్యాచ్ నంబరు), ఎన్ని మిల్లీలీటర్లు, ఎక్కడెక్కడ, వేసిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వండి’ అని. నిఖార్సయిన ఫిల్లర్ డబ్బాల్లో లాట్ నంబరున్న స్టిక్కర్లు ఉంటాయి, రోగి ఫైల్లో అంటించడానికే. డాక్టర్లు పాటించాల్సిన 2002 నాటి నియమావళి ప్రకారం, రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. ఆ మాట కూడా మర్యాదగానే రాయండి. ఇచ్చేవాళ్లు ఇస్తారు. ఇవ్వకపోతే ఆ ఇవ్వకపోవడమే మీకు ఒక సమాచారం.

వాళ్లు జవాబిచ్చేలోగా ఆ రోజు మీ వెంట వచ్చిన తోటి టీచరును అడిగి చూడండి. సిరంజిలో ఉన్నది నీళ్లలా పారదర్శకంగా ఉందా? అయితే హైలురోనిక్ కావడానికి అవకాశమెక్కువ. సున్నపు ముద్దలా తెల్లగా ఉందా? అయితే క్యాల్షియం రకం కావచ్చు. చిన్న సీసాలో పొడిని నీళ్లతో కలపడం కనబడిందా? అది పాలీ లాక్టిక్ యాసిడ్ వైపు వెళ్తుంది. ఇది సాక్ష్యం కాదు, ఆనవాలు. గట్టిగా తేల్చడానికి చర్మానికి వాడే హై ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్ ఉంది. లోపల ఉన్నది ఏ జాతిదో, చీము గుంట ఉందో లేదో చాలావరకు అందులో తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, మంగళగిరి ఎయిమ్స్‌లో చర్మ విభాగం ఉంది, మీకు అరగంట దారి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లోనూ ఉంది, లైనులో నిలబడే ఓపిక కావాలి. ప్రైవేటులో అయితే కొత్తపేటలోనో బెజవాడ సూర్యారావుపేటలోనో బోర్డు మీద కాస్మెటాలజిస్ట్ అన్న మాట చూసి వెళ్లకండి. ఎం.డి. డి.వి.ఎల్. లాంటి చర్మ వైద్యంలో డిగ్రీ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూసి వెళ్లండి. ఈ లోపు జ్వరంతో చలి వచ్చినా, ఎరుపు కంటి వైపు పాకినా, రెప్ప మూసుకుపోయినా, చూపు మసకేసినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రాత్రే క్యాజువాల్టీకి వెళ్లండి.

వైద్యం ఎలా ఉండవచ్చో చెబుతాను, టెన్షన్ తగ్గుతుంది. ఎర్రగా వేడిగా ఉన్న గడ్డను చాలామంది డాక్టర్లు ఇన్ఫెక్షన్ అనుకునే మొదలుపెడతారు. యాంటీబయాటిక్ మూడు రోజులు కాదు, వారాల లెక్కన ఉంటుంది. చీముంటే తీసి పరీక్షకు పంపుతారు. అది అదుపులోకి వచ్చాక, హైలురోనిక్ రకమైతే హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్‌తో కరిగించే వీలుంది. ఒకటి రెండు రోజుల్లో తేడా కనబడుతుంది, గట్టి గడ్డకు రెండు మూడుసార్లు పట్టవచ్చు. ‘కరిగిస్తే మొహం పాడవుతుందా’ అన్నారు. ఆ ఎంజైమ్ మీ సొంత హైలురోనిక్ యాసిడ్‌ను కూడా కొంత తింటుంది, కానీ శరీరం దాన్ని కొద్ది రోజుల్లో మళ్లీ చేసుకుంటుంది. బుగ్గ సంక్రాంతికి ముందున్న స్థితికి వస్తుంది. కొన్నాళ్లు నిండుగా ఉండి తగ్గింది కాబట్టి కంటికి మరీ లోతుగా అనిపిస్తుంది, అదీ నిజమే. ఇంకొక్క సంగతి. మీ పిల్లలు సరదాగా అడిగిన కందిరీగ ప్రశ్ననే డాక్టరు సీరియస్‌గా అడగాలి. తేనెటీగ, కందిరీగ విషంలో కూడా ఈ ఎంజైమే ఉంటుంది. ఎప్పుడైనా కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అడగకపోయినా చెప్పండి.

ఒక్క కుడివైపే కరిగించుకోవచ్చు. అప్పుడు రెండు బుగ్గలకూ తేడా కనబడుతుంది, ఎడమవైపు సరుకు అలాగే ఉంటుంది కాబట్టి ఎప్పుడైనా లేస్తుందేమోనన్న బెంగ కూడా ఉంటుంది. రెండూ తీయించుకుంటే ఆ బెంగ పోతుంది, పెట్టిన డబ్బు మాత్రం పూర్తిగా పోయినట్టే. రెండూ సమంజసమే. ఏదో ఒకటి తేల్చమంటే, ఎడమ బుగ్గ బాగున్నంతకాలం ముట్టుకోకుండా వదిలేయడం వైపే నా మొగ్గు.

క్యాల్షియం రకమో పాలీ లాక్టిక్ రకమో అయితే కరిగించే మందు లేదు. గడ్డలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొద్ది కొద్దిగా, కొన్ని వారాల ఎడంతో ఇస్తారు. ఎక్కువైతే అక్కడ చర్మం పల్చబడి గుంట పడుతుంది, కాబట్టి తొందరపెట్టకండి. ఆ పదార్థం కాలక్రమేణా ఒంట్లో కలిసిపోతుంది, అయితే నెలలు పట్టవచ్చు. శాశ్వత రకమైతే కోసి తీయడం దాకా వెళ్లవచ్చు, మచ్చ ఉంటుంది. ఇంకో దారి ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోవడం. నొప్పి, ఎరుపు లేని చిన్న గడ్డకైతే సరే అనేదాన్ని. మీదానికి అనలేను.

మీ వారి విషయం. చెప్పకుండా ఉండవచ్చు, అది మీ ఒళ్లు, మీ చీటీ. కానీ ముందు మూడు నాలుగుసార్లు ఆసుపత్రి తిరగాలి, మళ్లీ డబ్బు కావాలి, ప్రతిసారీ ఒక కథ కావాలి. పైగా పైన రాసిన జ్వరం అర్ధరాత్రి వస్తే బండి తీసేది ఆయనే. అప్పుడు క్యాజువాల్టీ డాక్టరు ముందు సంగతి బయటపడటం కంటే ఇప్పుడు వంటింట్లో బయటపడటం మేలేమో ఆలోచించండి. తమ్ముడికి ముందు చెప్పి అతని చేత చెప్పించడం ఇంకో దారి. చెప్పే పని తేలికవుతుంది గానీ, ‘నాకంటే ముందు వాడికి తెలిసిందా’ అన్న మాట పడాల్సి వస్తుంది. యార్డులో బస్తా విప్పి తేమెంత, తాలెంత అని చూసి గానీ ధర చెప్పని మనిషికి, ఏముందో చూడకుండా 42 వేలు ఇచ్చానని చెప్పడం కష్టమే, ఒప్పుకుంటాను. డాక్టరును చూసి వచ్చాక, ఏం చేయబోతున్నారో చేతిలో కాగితం పెట్టుకుని చెబితే గొడవ సగం తగ్గుతుందని నా అనుభవం. ముందు ఆరోగ్యం సంగతి, తర్వాత డబ్బు సంగతి.

కేసు గురించి. ఆలస్యంగా లేచే గడ్డ మంచి డాక్టరు చేతుల్లోనూ వస్తుంది, కాబట్టి గడ్డ ఒక్కదాన్ని చూపించి నిర్లక్ష్యం అనలేం. వేసినది డాక్టరు కాకపోతే, వచ్చే ప్రమాదాలు చెప్పి సంతకం తీసుకోకపోతే, పేరు అడిగినా దాచితే, అది వేరే సంగతి. డాక్టరు ప్రవర్తన మీద మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, దానికి గడువు రెండేళ్లు. అంటే ఇవాళే తేల్చుకోనక్కర్లేదు. కేసు తిరగడానికి సెలవులు ఖర్చవుతాయి, మొహం ఫొటోలు ఫైల్లోకి వెళ్తాయి, అవి మీకు సరేనా అని కూడా చూసుకోండి. ఏది ఎంచుకున్నా బిల్లు, చాట్లు, మెడికల్ షాపు చీటీ జాగ్రత్తగా దాచండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ రెండు రకాల బిళ్లల అట్టలు కూడా పట్టుకెళ్లండి, మిగిలినవి వేసుకోకండి. అద్దం ముందు నిలబడి గడ్డను నొక్కి చూసుకోవడం మానేయండి. రోజూ పొద్దున ఒకే చోట, ఒకే వెలుతురులో ఒక ఫొటో తీయండి, చాలు. వారం రోజుల ఫొటోలు వరసగా చూస్తే డాక్టరుకు మీ ఆరు పేజీల కంటే ఎక్కువ తెలుస్తుంది.